కమియాక్ గుట్ట మీద మా నాయన

అమెరికాలో కొండలు చూడటానికి బయలుదేరామంటే మన తెలుగువాళ్ళం సాధారణంగా పెద్ద వాటికే వెళ్తాం. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మాలాంటి వాళ్ళకైతే 14,410 అడుగుల మౌంట్ రైనియర్ ఉండనే ఉంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికి తీసుకెళ్ళి, మంచు ముందు నిలబెట్టి ఫొటో తీసి, వాట్సాప్‌లో ఊరికి పంపిస్తే ఒక బాధ్యత తీరిపోయినట్టే. 2024 వేసవిలో మా నాయన వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను. ఆయన స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, కాసేపు ఆ మంచుకేసి చూసి, "బాగుండాది. ఈడ ఏమీ పండదు కదా?" అన్నాడు. అంతే.

నేను చెప్పబోయేది మరో చిన్న గుట్ట సంగతి. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు కొసన, ఐడహో సరిహద్దుకు దగ్గర్లో, గోధుమ చేల మధ్య ఉంటుంది. పేరు కమియాక్ బ్యూట్, ఎత్తు 3,641 అడుగులు. దాన్ని చూడటానికని మేము వెళ్ళలేదు. మా అమ్మాయికి పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది. జూన్ నెలాఖరులో కొత్త విద్యార్థుల ఓరియంటేషన్‌కు రమ్మన్నారు. పదేళ్ళ మా అబ్బాయి, మా శ్రీమతి, నేను, నాయన అందరం కలిసి కారులో బయలుదేరాం.

నా మనసులో ఇంకో పని కూడా ఉంది. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్ళో మాకు పన్నెండు ఎకరాల భూమి ఉంది. అమ్మ 2020లో పోయింది. అప్పటి నుంచి 74 ఏళ్ళ మా నాయన ఒక్కడే ఉంటూ, ఏటా చెనిక్కాయ వేస్తూ, మూడేళ్ళలో రెండేళ్ళు పెట్టుబడి కూడా రాక, మళ్ళీ వేస్తూ ఉన్నాడు. ఆ భూమి కొంటామని ఒకరు అడుగుతున్నారు. అమ్మేసి మా దగ్గరకు వచ్చి ఉండమని చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ కన్సల్టింగ్‌లో ఉన్నవాడిని కదా, ఊరికే చెప్పలేదు. పదేళ్ళ ఖర్చులు, రాబడి, బోర్లకు పెట్టిన డబ్బు, వడ్డీలు అన్నీ ఎక్సెల్‌లో వేసి ఉంచాను.

సియాటిల్ నుంచి పుల్‌మన్ దాదాపు 285 మైళ్ళు. ఐ-90 మీద స్నోక్వాల్మీ కనుమ దాటగానే పచ్చటి అడవులు వెనకబడతాయి. వాంటేజ్ దగ్గర కొలంబియా నది వంతెన దాటి 26వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. అక్కడి నుంచి ఆథెల్లో దాకా ఎటు చూసినా తోటలు, గుండ్రంగా తిరిగే నీటి గొట్టాల కింద పచ్చటి చేలు. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ ఆనకట్ట దగ్గర కొలంబియా నదిలోంచి నీళ్ళను పంపులతో పైకి ఎత్తిపోసి, కాలువల ద్వారా ఈ ఎడారి లాంటి నేలకు తెస్తారు. "మన హంద్రీ-నీవా మాదిరి" అన్నాడు నాయన. అర్థమైన ప్రాజెక్టు దొరికేసరికి హుషారుగా కిటికీకి దగ్గరగా జరిగాడు.

ఇంకో గంట పోయాక కాలువలు ఆగిపోయాయి. నీటి గొట్టాలు కనబడలేదు. కానీ చేలు ఆగలేదు! అలల మీద అలల్లాగా మెత్తటి మట్టి దిబ్బలు, వాటి మీద అంచుల దాకా గోధుమ. ఒక్క గట్టు లేదు, ఒక్క బోరు లేదు. ఈ ప్రాంతాన్ని పలూస్ అంటారు. అపలూసా అనే మచ్చల గుర్రాల జాతికి ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చింది. నాయన చాలాసేపు మాట్లాడకుండా చూసి, "వీళ్ళు నీళ్ళు యాడి నుంచి తెస్తారురా?" అని అడిగాడు. వానే ఆధారమని చెప్పాను. నమ్మలేదు.

ఆ రాత్రి హోటల్ గదిలో పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి నా లెక్కలన్నీ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వరుసా ఓపిగ్గా చూశాడు. 2018లో బోరుకు పెట్టిన ఖర్చు తక్కువగా వేశానని సరిదిద్దాడు కూడా. చివర్లో ఎరుపు రంగులో వచ్చిన మొత్తం చూసి, "లెక్క సరిగానే ఉండాది" అన్నాడు. "అయితే ఏం చేద్దాం నాయనా?" అన్నాను. "రేప్పొద్దున మాట్లాడుకుందాంలే, పండుకో."

మర్నాడు అమ్మాయి, వాళ్ళమ్మ యూనివర్సిటీకి వెళ్ళారు. సాయంత్రం దాకా మాకు పని లేదు. హోటల్ కౌంటర్ దగ్గర అడిగితే, "ఊరికి ఉత్తరాన కమియాక్ బ్యూట్ ఉంది, పెద్దాయన నడవగలిగితే వెళ్ళండి" అన్నారు. నడవగలరా అని అడగాల్సింది నన్ను! స్టేట్ రూట్ 27 మీద ఇరవై నిమిషాలు పోతే కౌంటీ పార్కు వచ్చింది. కారు పెట్టి, నీళ్ళ సీసాలు, మా శ్రీమతి కట్టిచ్చిన చపాతీ, చెనిక్కాయ చట్నీ సంచిలో వేసుకుని నడక మొదలుపెట్టాం. పైన్ రిడ్జ్ ట్రెయిల్ అనే దారి మొత్తం చుట్టి వస్తే మూడున్నర మైళ్ళు. ఎక్కుడు ఏడు వందల అడుగుల పైచిలుకు.

ఉత్తరం వైపు దారంతా అడవి. డగ్లస్ ఫర్, లార్చ్ చెట్ల నీడలో చల్లగా, తడి వాసనతో ఉంది. మా వాడు ముందు పరుగెత్తుతున్నాడు. నాయన చేతులు వెనక్కి కట్టుకుని, ఊళ్ళో పొలం గట్టు మీద నడిచినట్టు ఒకే వేగంతో నడుస్తున్నాడు. రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చునే నేను మాత్రం మూడో మలుపు దగ్గరే "ఫొటో తీసుకుందాం" అనే వంకతో ఆగడం మొదలుపెట్టాను. "ఊపిరి తీసుకోరా, ఫొటోకేముంది" అన్నాడు నాయన.

దారిలో మా వాడికి ఈ గుట్ట కథ చెప్పాను. ఈ కొండ రాయి 40 కోట్ల ఏళ్ళ కన్నా పాతది. దాదాపు ఒకటిన్నర కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా లావా వరదలా పారి, గట్టిపడి, పాత నేలను కప్పేసింది. అప్పుడు మునిగిపోకుండా తల పైకెత్తి నిలిచిన కొండ కొసల్లో ఇదొకటి. ఇలాంటి వాటిని భూగర్భ శాస్త్రంలో స్టెప్టో అంటారు. వాయవ్యంగా కనిపించే స్టెప్టో బ్యూట్ నుంచే ఆ మాట పుట్టింది. లావా మీద ఇప్పుడున్న ఈ మట్టి దిబ్బలన్నీ తర్వాత గాలి మోసుకొచ్చిన సన్నటి ధూళి. కొన్నిచోట్ల 200 అడుగుల లోతు దాకా ఉంటుంది.

"గాలి మనకూ తెస్తాది దుమ్ము. ఈ మాదిరి దుమ్ము తెచ్చింటే ఎంత బాగుండు!" అన్నాడు నాయన.

గుట్ట పేరు కమియాకిన్ అనే యాకమా నాయకుడిది. 1855లో వాలా వాలా దగ్గర జరిగిన ఒప్పందంతో ఈ ప్రాంతపు తెగల భూములు చాలావరకు పోయాయి. ఆయన ఎదిరించి పోరాడాడు, 1858లో ఓడిపోయాక చాలా ఏళ్ళు ఊరూరా తిరిగాడు. చివరకు ఇక్కడికి దగ్గర్లోనే రాక్ లేక్ ఒడ్డున బతికి 1877లో చనిపోయాడు. మా వాడు ఆగి, "మరి ఇప్పుడు ఈ భూమి ఎవరిది?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే నాయన, "ఎవుడు దున్నుతాంటే వానిది అంటారు నాయనా. దున్నినోడు కూడా ఉండిపోడు" అన్నాడు.

అడవి దాటి గుట్ట వెన్ను మీదికి వచ్చేసరికి ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంది. దక్షిణం వైపు చెట్లు లేవు. గడ్డి, ఊదారంగు లూపిన్ పూలు, వాటి కింద నుంచి మొదలై కంటికి ఆనినంత మేర చేలు. ముదురు పచ్చగా గోధుమ, లేత పచ్చగా మైసూర్ పప్పు, కాబూలీ శనగ. మధ్యలో దున్ని వదిలేసిన గోధుమరంగు మడులు. తూర్పున ఐడహోలోని మాస్కో మౌంటెన్, దక్షిణాన ఎంతో దూరంలో నీలంగా బ్లూ మౌంటెన్స్. ఎత్తు తక్కువ కాబట్టి చేలో సాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. రైనియర్ మీద ఇది కనిపించదు.

ఒక బండరాయి మీద కూర్చుని చపాతీలు విప్పాం. నాయన మొదటి ప్రశ్న మళ్ళీ అదే. "ఎంత వాన పడతాదిరా ఈడ?"

ఫోన్‌లో చూసి చెప్పాను. పుల్‌మన్‌లో ఏడాదికి 20, 21 అంగుళాలు. ఆయనకు మిల్లీమీటర్లలో కావాలి. 530కి అటూఇటూ. నాయన చపాతీ పక్కన పెట్టేశాడు. అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్లని ఆయనకు నోటికి వచ్చు. మా జిల్లా రైతులందరికీ వచ్చు.

"మనకంటే తక్కువ!"

తక్కువే. తేడా వాన పడే కాలంలో ఉంది, మట్టిలో ఉంది. ఇక్కడ వాన, మంచు ఎక్కువగా చలికాలంలో పడతాయి. ఎండ ఉండదు, నీళ్ళు ఆవిరి కావు, నెమ్మదిగా ఇంకుతాయి. లోతైన ఈ మెత్తటి మట్టి ఆ తడినంతా దాచిపెట్టుకుని, వేసవిలో ఒక్క చినుకు లేకపోయినా పైరుకు అందిస్తుంది. మా ఊళ్ళో వాన ఎండాకాలం వెంబడే వస్తుంది. వచ్చిందంతా కుండపోతగా వచ్చి, అడుగున్నర ఎర్రమట్టి దాటి రాతి మీదికి పోయి, వాగులో కలిసిపోతుంది. మళ్ళీ నెల రోజులు చినుకుండదు.

నాయన చాలాసేపు కిందికి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "అయితే నా తప్పు కాదన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ముందు రాత్రి నేను చూపించిన ఎరుపు అంకెను ఆయన తన పరీక్ష మార్కులుగా చదువుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

మాట మార్చడానికి, ఇక్కడి రైతులకూ కష్టాలున్నాయని చెప్పాను. ఈ పప్పు పంటకు మన దేశం పెద్ద గిరాకీ. స్టీలు, అల్యూమినియం సుంకాల గొడవలో 2019 జూన్‌లో ఢిల్లీ వాళ్ళు అమెరికా మైసూర్ పప్పు మీద, శనగల మీద అదనపు సుంకం వేశారు. 2023 సెప్టెంబరులో గానీ తీయలేదు. "అయితే మనోళ్ళ దెబ్బ ఈడ దాకా తగిలిందా!" అని నాయన నవ్వాడు. ఇక్కడి నుంచి మనకు వచ్చింది కూడా తక్కువేమీ కాదు. ఈ పుల్‌మన్‌లోనే ఆర్విల్ వోగెల్ అనే శాస్త్రవేత్త జపాన్ పొట్టి గోధుమతో సంకరం చేసి, 1950ల మొదట్లో ఆ విత్తనాలు మెక్సికోలో ఉన్న బోర్లాగ్‌కు పంపాడు. ఆ పొట్టి రకాల వారసులే 1966లో 18,000 టన్నుల విత్తనంగా మన దేశానికి వచ్చాయి. హరిత విప్లవం అలా మొదలైంది. నాయనకు ఆ ఏడాది గుర్తుంది. అప్పుడు పదహారేళ్ళు. "అమెరికా గోధుమలు తిని బతికినాం ఆ కరువులో. సంగటి తినేవాళ్ళకు అవి ఎట్ల వండాల్నో తెలిసేది కాదు."

కాసేపటికి ఆయన వేలు చాపి, "ఆ దిబ్బల నెత్తి చూడు, రంగు తేడాగా ఉండాది" అన్నాడు. చూస్తే నిజమే. పల్లంలో నల్లగా ఉన్న మట్టి, దిబ్బల తలల మీద పాలిపోయినట్టుంది. పైరూ అక్కడ పలచగా ఉంది. "మన్ను కొట్టుకపోయింది. దున్నీ దున్నీ పోయింది" అన్నాడు. తర్వాత వెతికి చదివితే తెలిసింది, 1978లో అమెరికా వ్యవసాయ శాఖ అధ్యయనం కూడా అదే చెప్పిందట. పలూస్ సాగుభూమిలో పదో వంతుకు అసలు పైమట్టి అంతా పోయింది. వంద పేజీల రిపోర్టు చెప్పిన దాన్ని నాయన బండ మీద కూర్చుని ఒక్క చూపులో చెప్పేశాడు.

ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నాడు. "ఇంత భూమికి ఇండ్లు లెక్కబెట్టు." మా వాడు లెక్కబెట్టాడు. గుట్ట కింద నాలుగో ఐదో. ఒకదాని చుట్టూ చెట్లున్నాయి కానీ కప్పు కూలిపోయి ఉంది. వెయ్యి ఎకరాలు దాటిన కమతాలు ఇక్కడ మామూలే, యంత్రాలొచ్చాక చిన్న రైతులు అమ్ముకుని వెళ్ళిపోయారని చెప్పాను. "వాళ్ళ పిల్లోళ్ళు యాడికి పోయినారు?" అని అడిగాడు నాయన. సియాటిల్‌కే పోయుంటారు, మా ఆఫీసులోనో, పక్క ఆఫీసులోనో ఉండుంటారు. ఆ మాట నేను పైకి అనలేదు.

అప్పుడాయన నా వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "మన ఊరి ఆంజనేయసామి గుట్ట ఎక్కితే మన చేను కనపడతాది కదా. ఎట్లుంటాదో చెప్పు, చూద్దాం."

కళ్ళు మూసుకుని చెప్పాను. కింద చెరువు కట్ట, పక్కన బావి, బావి మీద చింతచెట్టు, దాని పైన మా చేను, మధ్య మధ్య కంది సాళ్ళు.

"చింతచెట్టు పడిపోయి ఎనిమిదేండ్లయింది. బావి పూడ్చినాం. నువ్వు ఆ గుట్ట ఎక్కి ఎన్నేండ్లయింది?"

ఇరవై ఏళ్ళు దాటింది. ఊరికి వెళ్ళినప్పుడల్లా రెండు రోజులే ఉంటాను. గుడికి కారు పోయేంత దూరం పోయి, దండం పెట్టుకుని వచ్చేస్తాను.

"నీ లెక్క తప్పని నేను అనను. అమ్మొద్దనీ అనను. ఒకసారి పైకెక్కి చూడు. చూసినంక అమ్ముదామన్నా సంతకం పెడతా."

మా వాడు మధ్యలో దూరి, "నేనూ వస్తా తాతా" అన్నాడు. అలా ఒప్పందం కుదిరింది.

మాట ప్రకారం 2025 సంక్రాంతికి ఊరికి వెళ్ళాం. పండగ మర్నాడు తెల్లవారుజామున నాయన, నేను, మా వాడు ఆంజనేయసామి గుట్ట ఎక్కాం. కమియాక్‌లో పదో వంతు కూడా ఉండదు ఆ గుట్ట. పైనుంచి చూస్తే మా పన్నెండు ఎకరాలు అరచేతిలో ఉన్నట్టు కనిపించాయి. ఎగువ నాలుగు ఎకరాలు పాలిపోయి, రాళ్ళు తేలి ఉన్నాయి. దిగువన చెరువు వైపు మట్టి ఇంకా ఎర్రగా, మెత్తగా ఉంది. "పలూస్ లాగే ఉంది, తలలు తెల్లబడ్డాయి" అన్నాడు మా వాడు ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పేసరికి నాయన వాడి భుజం తట్టాడు.

నా ఎక్సెల్‌లో పన్నెండు ఎకరాలూ ఒకే వరుస. పైనుంచి చూస్తే అవి రెండు వేరు వేరు భూములు. నష్టమంతా ఎక్కడి నుంచి వస్తోందో కూడా అర్థమైంది. ఎగువ నాలుగు ఎకరాల్లో చెనిక్కాయ మానేసి, వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేయించి, చింత, సీతాఫలం మొక్కలు నాటించాం. దిగువ ఎనిమిది ఎకరాలు పక్క చేని రైతుకు గుత్తకిచ్చాం. నాయన ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. మొక్కలు బతుకుతాయో లేదో ఇంకా చెప్పలేం. ఏదో ఒక రోజు ఆ భూమి నేను అమ్మవచ్చు కూడా. కానీ చూడకుండా అమ్మను.

మీలో ఎవరైనా అటు వెళితే, పిల్లలతో పాటు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళనూ తీసుకెళ్ళండి. పచ్చదనం కావాలంటే మే, జూన్ మంచివి. బంగారు రంగు గోధుమ కావాలంటే జులై నెలాఖరు. మంచి బూట్లు, తాగే నీళ్ళు మరచిపోకండి. నడవలేని వారికి స్టెప్టో బ్యూట్ ఉంది. దాని కొన దాకా కారులోనే వెళ్ళవచ్చు, డిస్కవర్ పాస్ తీసుకోవాలి. ఆగస్టులో వెళితే పుల్‌మన్‌లో 1989లో మొదలైన లెంటిల్ ఫెస్టివల్ ఉంటుంది. పెద్ద గంగాళంలో మైసూర్ పప్పు చిల్లీ వండి ఊరందరికీ పెడతారు. మా అమ్మాయి కిందటేడు తిని, "మన తాలింపు ఉంటే ఇంకా బాగుండేది నాన్నా" అంది.

పెద్దవాళ్ళను పైకి తీసుకెళ్ళాక తొందరపెట్టకండి. బండ మీద కూర్చోబెట్టి, కింద ఏం కనిపిస్తోందో వాళ్ళనే అడగండి.